వచ్చి చూసిపోయినవాళ్లు

ఒక మనిషి మారిపోయిందని తేల్చడానికి ఎన్ని ఓట్లు కావాలి? ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పవలసినవాళ్లు ఓటు వేసి వెళ్లిపోయారు.

2008 శ్రావణమాసంలో ఒక బుధవారం సాయంత్రం, వేంపల్లె బస్టాండు వెనక బాషా నడిపే నెట్ సెంటర్లో కూర్చొని శ్రీవిద్య ఆ ఓట్లను చూసింది. మూడు ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి, ముందు ఒక పూల తెర వేలాడదీస్తే అక్కడ దాన్ని గది అంటారు. ఫ్యాను గాలికి తెర లేచినప్పుడల్లా ఆమె ఎడమచేత్తో దాన్ని పట్టుకొని, కుడిచేత్తో మౌస్ కదిలించింది.

కడపలో ఆమెతో బీకాం చదివినవాళ్లు ముప్పై ఒక్కమంది ఆర్కుట్ అనే సైటులో ఒక గుంపుగా చేరారు. గుంపును నడిపేది హరిత. కాలేజీలో మూడేళ్లూ ఒకే బెంచీ మీద శ్రీవిద్య పక్కన కూర్చున్న మనిషి. ఇప్పుడు బెంగళూరులో కాపురం. శనివారంనాడు హరిత గుంపులో ఒక ఎన్నిక పెట్టింది. ‘మనలో గుర్తుపట్టలేనంతగా మారిపోయింది ఎవరు?’ కింద నాలుగు పేర్లు. శ్రీవిద్య పేరుకు మాత్రం రెండు ఫోటోలు జోడించింది. ఎడమవైపు, పందొమ్మిదేళ్ల సన్నటి పిల్ల, రెండు జడలు. కుడివైపు, ముప్పై ఏళ్ల ఆడమనిషి, తమ బట్టల అంగట్లో అద్దం ముందు, కట్టుకున్న చీర మీదనే అమ్మకానికున్న ఆకుపచ్చ పట్టుచీరను భుజం మీదుగా వేసుకొని నిలబడి ఉంది.

కుడివైపు ఫోటోను పదిహేను రోజుల కిందట తన పేజీలో పెట్టుకున్నది శ్రీవిద్యే. బాగుందనుకునే పెట్టుకుంది. బాగుందనుకున్నాననే సంగతే ఇప్పుడు ఆమెకు సిగ్గుగా ఉంది.

ఆమె పేరుకు తొమ్మిది ఓట్లు. ఎన్నిక కింద, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు.

‘ఇది మన విద్యనా, వాళ్లత్తనా?’

‘అంగట్లో తిండికి కరువు లేదులేమే.’

‘పాపం, ఊరికే ఏడిపించొద్దండే.’ ఈ మాట రాసినామె కూడా ఓటు వేసే ఉంది.

శ్రీవిద్య ఏమీ రాయలేదు. తన పేజీకి వచ్చి, ఇటీవల ఎవరెవరు వచ్చి చూసిపోయారో చూపించే చోట ఆగింది. అయిదు పేర్లున్నాయి. ఒక్కరూ ఒక్క మాటా రాయలేదు. ఆమె ఆ అయిదు పేర్లనూ వరసగా నొక్కి, ఒక్కొక్కరి పేజీకి పోయి, ఫోటోలు చూసి, వెనక్కి వచ్చింది. నెలన్నరగా ప్రతి సాయంత్రం ఆమె ఇదే పని చేస్తోంది. ఎవరూ చెప్పి చేయించింది కాదు. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ ఆమె నేర్చుకున్న మర్యాద ఒకటే: మన గడపకు వచ్చినవాళ్ల గడపకు మనమూ పోవాలి. పేరంటానికి వచ్చినవాళ్ల పేర్లు అత్త వెంకటలక్ష్మమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకొని, నెల తిరిగేలోపు అందరి ఇళ్లకూ పోయి వస్తుంది. రానివాళ్ల ఇంటికి పోకపోయినా ఫర్వాలేదు. వచ్చినవాళ్ల ఇంటికి పోకపోతే అది పొగరు. శ్రీవిద్య ఈ లెక్కను ఆ తెర వెనక, ఆ గాజు పలక ముందు, ఒక్క రోజు తప్పకుండా పాటించింది.

“ఏమక్కా, అప్పుడే లేస్తివి? ఇంకా పావుగంట ఉండాదే,” అన్నాడు బాషా, ఆమె బయటికి వచ్చినప్పుడు.

“సాలు బాషన్నా.”

“మీ ఫ్రెండ్సంతా బాగుండారా?”

“బాగుండారు,” అంది శ్రీవిద్య.

మరుసటి రోజు వరలక్ష్మీవ్రతానికి ముందటి గురువారం. ఏడాది మొత్తంలో కేశవయ్య బట్టల అంగట్లో కాలు పెట్టడానికి చోటు లేని రోజు. కేశవయ్య పోయి ఆరేళ్లయినా అంగడికి ఆయన పేరే. నడిపేది కొడుకు శివప్రసాద్, అతని తల్లి వెంకటలక్ష్మమ్మ, భార్య శ్రీవిద్య. ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న రంగన్న నిచ్చెన ఎక్కి పై అరల నుంచి చీరల కట్టలు దించుతాడు. శివప్రసాద్ పరుపు మీద ఒక్కొక్క చీరను విసిరి పరుస్తాడు. కానీ చీర అమ్ముడుపోయేది పరుపు మీద కాదు, అద్దం ముందు. శ్రీవిద్య చీర కొంగు చివర పట్టుకొని, మూడు మూరలు వదిలి, అరచేతి వెడల్పున మడతలు పెట్టి, ఎడమ భుజం మీద వేసి, రెండో కొసను నడుము చుట్టూ తిప్పి బొటనవేలితో నొక్కి పట్టుకుంటుంది. అరనిమిషం పడుతుంది. తర్వాత కొంచెం పక్కకు తిరిగి, మోచేయి మడిచి, కొంగు అంచును వెలుతురుకు చూపుతుంది. పొలం పని చేసి వచ్చిన నల్లటి, బలమైన ఆడవాళ్లు ఆమె మీద చీరను చూసి తమ మీద చూసుకున్నట్టు తృప్తిపడతారు. ఎనిమిదేళ్లుగా ఆ చోటు ఆమెది.

పది గంటలకు గండి దగ్గరి పల్లె నుంచి సుంకులమ్మ ఇద్దరు కోడళ్లతో వచ్చింది.

“ఆ వంకాయరంగుది వేసుకోమ్మా, సూద్దాం.”

శ్రీవిద్య కొంగు పట్టుకుంది. మూరలు వదిలింది. మడతలు పెట్టింది. అద్దంలోకి చూసింది. అద్దంలో ఒక్క మనిషే ఉండాలి. ఎడమవైపు రెండు జడల పిల్ల, కుడివైపు తాను కనబడ్డారు. మడతలు పెట్టిన చేయి గాలిలో ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న ముగ్గురు ఆడవాళ్లు తన చీరను కాదు, తన నడుమును చూస్తున్నారనిపించింది. వాళ్లు చూస్తున్నది చీరనే.

“రంగన్నా, నువ్వు పట్టుకో దీన్ని,” అని కొంగు అతని చేతిలో పెట్టి, లోపలి గదిలోకి పోయింది.

రంగన్న ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత తన భుజం మీదే వేసుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి, తెల్ల మీసాలు, వంకాయరంగు పట్టు.

“ఏమప్పా రంగన్నా, పెండ్లికూతురు తయారైందే!” అంది సుంకులమ్మ. కోడళ్లిద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రంగన్న కూడా నవ్వాడు. చీర మాత్రం అమ్ముడుపోలేదు.

ఆ పూట ఇంకో నాలుగుసార్లు అదే జరిగింది. మధ్యాహ్నం శివప్రసాద్ లోపలికి వచ్చేసరికి ఆమె మడిచిన చీరలనే మళ్లీ విప్పి మడుస్తోంది.

“ఒంట్లో బాగలేదా?”

“బాగుండాది.”

“మరి ఏందిది? జనం ఇంతమంది కూర్చోని ఉండారు.”

ఆమె ఇంకో చీర మడత విప్పింది. అతను చెడ్డవాడు కాదు. కష్టం కనబడితే దానికి ఒక వస్తువు కొనితెచ్చే మనిషి.

“నిలబడి నిలబడి నీకూ విసుగొచ్చినట్టుండాది. ప్రొద్దుటూరులో పెద్ద షాపులన్నిట్లో చీర కట్టిన బొమ్మలు పెట్టినారు. ఒకటి తెప్పిస్తా. నువ్వు ఈడ లోపల్నే కూర్చోని మడతలు, ధర చీటీలు చూసుకో. సరేనా?”

“సరే,” అంది శ్రీవిద్య. ఎనిమిదేళ్ల చోటు ఒక్క మాటతో పోయింది. అడిగి తీసుకున్నవాడికీ ఇచ్చిన ఆమెకూ అది పోవడమని అప్పటికి తెలియదు.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో పేరంటం. శనగలు, తమలపాకులు, రవికె గుడ్డలు పంచడం అయిపోయాక వెంకటలక్ష్మమ్మ కాళ్లు చాపుకొని గోడకు ఆనుకొని కూర్చుంది. ఎప్పటిలాగే వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది.

“మందులషాపు వాళ్లు వచ్చిరి. నారాయణ భార్య వచ్చె. పంతులమ్మ వచ్చె. ఇంకెవరమ్మా?”

“భీమక్క కోడలు వాకిట్లో నిలబడి లోపలికి తొంగిచూసి పోయింది అత్తా. నేను రమ్మనేలోపలే తిరుక్కున్యాది. వాళ్లింటికీ పోవాల్నా?”

“యాల?” అంది వెంకటలక్ష్మమ్మ. “లోపలికొచ్చి బొట్టు పెట్టించుకున్యాదా?”

“లేదు.”

“నాలుగు మాటలు మాట్లాడిందా?”

“లేదు.”

“అట్లయితే అది రావడమేందమ్మా? మనింట్లో దేవుడికి ఏం నగలు పెట్టినామో చూసుకోని పోయింది. దానికి మనం మళ్లా పోయేదేంది! గమ్మునుండు.” ఆమె వేలు మడవకుండానే తర్వాతి పేరుకు పోయింది.

శ్రీవిద్య శనగల గిన్నె పట్టుకొని అలాగే నిలబడింది. అత్త ఆ మాట ఆమె కోసం చెప్పలేదు. ఆర్కుట్ అనేది ఒకటుందని కూడా ఆ ముసలామెకు తెలియదు.

శనివారం సాయంత్రానికి ఎన్నికలో ఆమె పేరుకు పద్నాలుగు ఓట్లు పడ్డాయి. దాని కింద హరిత కొత్తగా రాసింది. ‘విద్య దినామూ అందరి పేజీలకూ వచ్చి చూసిపోతాంది, గమనించినారా? ఒక్క మాట మాట్లాడదు. ఏమే విద్యా, మా కాపురాల్లో ఏం వెతుకుతాండావే?’ పక్కన నవ్వుతున్న ముఖాలు. కింద ఒకామె: ‘నా పేజీకి నిన్న కూడా వచ్చింది, నాకు భయమైతాంది తల్లీ!’ ఇంకొకామె: ‘పాపం, అంగట్లో పొద్దు పోదేమో.’

మర్యాద అనుకొని చేసిన ప్రతి రాకకూ అక్కడ వేరే పేరుంది. తొంగిచూడటం. అసూయ. పొద్దుపోకపోవడం. నెలన్నర పాటు రోజూ వాళ్ల గడప తొక్కింది. ప్రతి గడప మీదా ఆమె అడుగు గుర్తుగా పడింది. వాళ్లు ఆ అడుగులను లెక్కపెట్టి, గుంపులో చదివి వినిపించారు. ముందుగా ఆమె గడప తొక్కింది తామేనన్న సంగతి ఆ ముప్పై మందిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

తెర లేచింది; పట్టుకోలేదు.

“బాషన్నా, ఒకసారి రా.”

అతను వచ్చి పక్కన నిలబడ్డాడు, కంప్యూటరుకేసి చూడకుండా, నేలకేసి చూస్తూ. అది అతని మర్యాద.

“మనం పోయిన చోట మన పేరు పడకుండా చెయ్యొచ్చునా?”

“చెయ్యొచ్చక్కా. ఈడ ఒక టిక్కు గుర్తు తీసేస్తే సాలు. కానీ ఒకటుండాది. నీ పేరు వాళ్లకు కనపడదు, వాళ్ల పేర్లు కూడా నీకు కనపడవు. ఎవరొచ్చి పోయినా నీకు తెలీదు.”

“ఎవరొచ్చినా తెలీదా?”

“తెలీదు.”

ఆమె ఇంకోసారి అడిగింది. అతను ఇంకోసారి అదే చెప్పాడు. వాళ్ల పేజీలకు పోవడం మానుకోవడం కష్టమనిపించలేదు ఆమెకు. ఎవరైనా తన కోసం వచ్చారా లేదా అన్నది ఇకమీదట తెలియకుండా బతకడం కష్టం. నెలన్నరగా రోజుకు అయిదు పేర్లు, అవి మాట్లాడని పేర్లయినా, ఆమెవి. వేంపల్లెలో ఆమెను విద్యా అని పిలిచేవాళ్లు భర్త తప్ప ఎవరూ లేరు.

అత్త మడవని వేలు గుర్తొచ్చింది. ఆ టిక్కు తీసేసింది. అయిదు పేర్లూ పోయాయి. ఆ చోట తెల్లగా ఖాళీ మిగిలింది. తర్వాత గుంపు నుంచి బయటికి వచ్చింది. నిజంగా పోతారా అని కంప్యూటరు అడిగింది. ఆ మాట అడిగింది అదొక్కటే.

“సోమవారం నుంచి నేను రానులే బాషన్నా. వస్తే గిస్తే ఆదివారం ఒక గంట వస్తా, చెల్లెలికి ఉత్తరం రాసేదానికి. నడమధ్యలో వస్తే మాత్రం గది లేదని చెప్పు.”

“అన్నీ ఖాళీగా ఉన్నా?”

“ఉన్నా.”

బాషా తలూపాడు. మంగళవారం ఆమె వచ్చింది. అయిదు గదులు ఖాళీగా ఉన్నాయి. బాషా లేచి నిలబడి, “లేదక్కా, గది లేదు,” అన్నాడు. ఇద్దరూ ఆ ఖాళీ గదులను చూశారు. ఆమె వెనక్కి తిరిగి నడిచింది. సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా ఏం చేయాలో తెలియక బస్టాండులో కూర్చుంది. పులివెందుల బస్సు వచ్చింది, పోయింది. రాయచోటి బస్సు వచ్చింది, పోయింది. దిగినవాళ్లలో ఆమె కోసం దిగినవాళ్లు లేరు. లేరని ఖచ్చితంగా తెలియడంలో, ఎంత దుఃఖమున్నా, అనుమానం లేదు.

బొమ్మ ఆ మంగళవారమే ప్రొద్దుటూరు బస్సు టాపు మీద, గోనెసంచిలో చుట్టుకొని వచ్చింది. గులాబీరంగు ఒళ్లు, పల్చటి నడుము, ఎక్కడా చూడని కళ్లు. బుధవారం దాన్ని అద్దం ముందు నిలబెట్టారు. రంగన్న దానికి చీర కట్టబోతే భుజం మీంచి జారింది, గుండుసూదులు గుచ్చారు.

“ఏమప్పా శివప్రసాదూ, ఈ తెల్లమ్మను యాడ పట్టుకొస్తివి?” అంది కొనడానికి వచ్చిన హనుమంతమ్మ. “దీనికి ఏ చీరైనా బాగుంటుంది. నా మీద ఎట్లుంటుందో ఇదేం చెప్తాది?”

శివప్రసాద్ నవ్వేశాడు. లోపలి గదిలో చీటీలు కుడుతున్న శ్రీవిద్యకు ఆ మాట వినబడింది. లేవలేదు.

గురువారం పదకొండు గంటలకు అంగడి ముందు బెంగళూరు నంబరున్న కారు ఆగింది. హరిత దిగింది. పులివెందులలో ఆడబిడ్డ కూతురి పెళ్లికి వచ్చిందట. చుట్టాలకు పెట్టడానికి పెట్టుబడి చీరలు నాలుగు కావాలట. సన్నగా ఉంది; నల్లకళ్లద్దాలు తల మీదికి తోసుకుంది. చేతిలో చిన్న వెండిరంగు కెమెరా.

“విద్య లేదా?” అని శివప్రసాద్‌ను అడిగింది.

శ్రీవిద్య బయటికి వచ్చింది. అంగడికి వచ్చిన మనిషికి ఇవ్వవలసిన మంచినీళ్లు ఇచ్చింది. పరుపు మీద కూర్చోబెట్టింది.

“ఎన్నాళ్లయిందే! ఫోటోలో చూసినట్టే ఉండావు,” అంది హరిత.

“నీకు ఎట్లాంటివి కావాల?” అంది శ్రీవిద్య.

రంగన్న ఒక మావిడిచిగురు రంగు చీర తీసి బొమ్మ మీద వేశాడు. హరిత తల అడ్డంగా ఊపింది. “బొమ్మ మీద ఏం తెలుస్తుంది? నువ్వు వేసుకోవే. నువ్వు వేసుకుంటే బాగుంటుంది.”

శ్రీవిద్య ఒక్క నిమిషం ఆగింది. ఆ నిమిషంలో ఆమె ఏమనుకుందో ఊహించి రాయడం తేలిక, రాయను. చేసింది మాత్రం ఇది: “రంగన్నా, ఈ బొమ్మను తీసుకుపోయి వాకిట్లో పెట్టు,” అంది. శివప్రసాద్ తలెత్తి చూసి, అడ్డుచెప్పలేదు. ఆమె అద్దం ముందుకు పోయి, కొంగు పట్టుకొని, మూడు మూరలు వదిలి, మడతలు పెట్టి, భుజం మీద వేసుకుంది. అద్దంలో ముప్పై ఏళ్ల ఆడమనిషి ఉంది. ఆమె నడుము నిన్నటంతే ఉంది. చీర బాగుంది.

కెమెరా లేచింది. “అట్లనే ఉండు. ఒక్కటి తీస్తా.”

“వద్దు.”

“ఊరికేలేవే, గుంపులో పెడతా. అందరూ అడుగుతాండారు.”

“వద్దంటాండా కదా హరితా. చీర చూడాలంటే చూడు. నన్ను తీసుకుపోయి ఇంకోచోట పెట్టొద్దు.” గొంతు పెరగలేదు. చీర మడత కూడా చెదరలేదు. “ఆ ఓట్లది కూడా తీసేయ్.”

“ఆటకు పెట్టినానే, నిజంగా!”

“ఆటయితే తీసేయడానికి కష్టమేముండాది?”

హరిత కెమెరాను ఒళ్లో పెట్టుకుంది. దాని తాడును వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. శివప్రసాద్ ఇంకొన్ని చీరల కోసం లోపలికి వెళ్లాక, గొంతు తగ్గించి, “నువ్వు యాల రావడం మానేస్తివే?” అంది.

“యాడికి?”

“నా పేజీకి. అయిదు దినాలైంది. గుంపులోనుంచి కూడా పోతివి.”

“నువ్వే కదా నవ్వితివి, దినామూ వస్తాండానని.”

“నవ్వినాలే.” హరిత నల్లకళ్లద్దాలు దించి కళ్లకు పెట్టుకుంది, అంగట్లో నీడగా ఉన్నా. “మూడువందల పన్నెండు మంది ఫ్రెండ్స్ ఉండారు నాకు. పొద్దున ఆయన ఆఫీసుకు పోయినాక తెరుస్తా. ఎవరొచ్చినారా అని చూస్తా. దినామూ కనపడే పేరు నీదొక్కటే. ఇప్పుడు అదీ లేదు. ఎన్నిక పెడితేనన్నా నాలుగు మాటలు రాస్తారు కదా అని పెడితి.”

క్షమించమని ఆమె అడగలేదు. అది క్షమాపణ కాదు, లెక్క. తన గడపకు మనుషులు రావడం కోసం ఇంకొక మనిషి ముఖాన్ని గడప మీద వేలాడదీసిన లెక్క. శ్రీవిద్య దాన్ని సరిగ్గానే విన్నది. ఒక వారం కిందటైతే ఆ మాటకు ఏడ్చి, ఆ సాయంత్రమే మళ్లీ పోయి తన అడుగు అక్కడ వేసి వచ్చేది.

భుజం మీది చీర తీసి, మడిచి, హరిత ముందు పెట్టింది.

“నేను ఆడికి రాను హరితా. నాతో మాట్లాడాలని ఉంటే పొద్దున నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు అంగడికి ఫోన్ చెయ్. ఎత్తుతా. జనముంటే తర్వాత చేస్తా. ఊరికే చూసేదానికైతే వద్దు.”

“ఫోన్లోనా? ఏం మాట్లాడతామే?”

“తెలీదు. మాట్లాడితే తెలుస్తాది.”

హరిత నాలుగు చీరలు తీసుకుంది. ఎన్నిక తీసేస్తాననీ అనలేదు, తీసేయననీ అనలేదు. కారు పులివెందుల దారి పట్టింది. అద్దం ముందు పరుపు మీద అప్పటికే ఇంకో ఇంటివాళ్లు కూర్చున్నారు. శ్రీవిద్య రెండో చీర కొంగు చేతిలోకి తీసుకుంది.

అంగట్లో ఫోను ఆ రోజు మోగలేదు. ఆ మరుసటి రోజూ మోగలేదు. ఎన్నిక అక్కడ ఉందో లేదో శ్రీవిద్యకు తెలియదు. ఆదివారం బాషా దగ్గరికి పోయి, చెల్లెలికి ఉత్తరం రాసి, ఆ ఎన్నికను చూడకుండానే లేచి వచ్చింది. ఇదే ఆమె సాధించింది. దీన్ని చిన్నదనేవాళ్లు ఒక్కసారి చేసి చూడాలి.

ఇక ఓటు వేసిన ఆ పద్నాలుగు మంది. వాళ్లెవరూ క్రూరులు కారు. ఒక మధ్యాహ్నం, ఒక్క వేలితో, ఒక పేరు పక్కన ఒక గుర్తు పెట్టి, అన్నానికి లేచి పోయినవాళ్లు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు, ఎవరి ముఖం మీదనో, ఆటగా అలాంటి గుర్తొకటి పెట్టే ఉంటారు. లేదని తొందరపడి అనకండి. ఆ మనిషి పేరేమిటి? గుర్తు తెచ్చుకోండి. ఇప్పుడు ఆ పేరును పైకి, మీ ఇంట్లోవాళ్లకు వినబడేలా, చెప్పండి.